కొత్త పెట్టని సూది

ఆ కాగితాన్ని నా మనవరాలు లెక్కల పుస్తకంలో పెట్టుకుని తెచ్చింది. ఆశ్రమ పాఠశాల హాస్టల్ నుంచి వేసవి సెలవులకి వచ్చిన పిల్ల, భుజాన సంచి దించకుండానే, "మామ్మా, దీని మీద నువ్వు సంతకం పెట్టాల" అంది. నేను అప్పుడు అరుగు మీద కూర్చుని చింతపండు కొట్టి పిక్కలు తీస్తున్నాను. చేతులు జిగటగా ఉన్నాయి. కడుక్కుని వస్తానని చెప్పి గెడ్డ దాకా నడిచాను. నిజానికి ఇంట్లో కుండ నిండా నీళ్ళున్నాయి. కాగితం అనగానే నాకు కొంచెం దూరం పోవాలనిపిస్తుంది.

యాభై దాటేవరకు నాకు అక్షరం రాదు. అంతవరకు ఎక్కడ ఏమి అడిగినా బొటనవేలే ఇచ్చాను. బోరు వేయిస్తామని ఒకసారి ఎవరో వచ్చి మా ఊరందరి చేత వేలిముద్రలు వేయించుకున్నారు. బోరు రాలేదు. ఆ వేలిముద్రలు ఎక్కడికి పోయాయో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి మా ఊళ్ళో కాగితం తెచ్చినవాళ్ళకి పీట వేస్తాం, మంచినీళ్ళు ఇస్తాం, వేలు మాత్రం తొందరగా ఇవ్వం.

మనవరాలిని హాస్టల్లో చేర్చిన రోజు కొడుకూ కోడలూ కాఫీ పళ్ళు కోతలో ఉండటంతో నేనే తీసుకెళ్ళాను. అక్కడ గార్డియన్ అన్నచోట పడింది నా వేలిముద్రే. "ఎప్పుడు పుట్టింది?" అని మాస్టారు అడిగితే, "కొర్రలు కోసి నూర్చేటప్పుడు" అన్నాను. ఏ సంవత్సరం అంటే చెప్పలేకపోయాను. ఆయన పిల్లని నిలబెట్టి ఎత్తు చూసి, ఏదో తేదీ రాసేశారు. ఎండాకాలంలో పడే తేదీ. మా లెక్కకి ఈ గుంట వానల చివర పుట్టింది. కాగితంలో మాత్రం ఎండల్లో పుట్టింది.

తరువాత మా అంగన్‌వాడీలో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టారు. 'క' గుణింతం దాకా వచ్చి ఆ బడి ఆగిపోయింది. మిగతాది ఈ మనవరాలే వేసవి సెలవుల్లో నేర్పింది. వంటగది గోడ మీద బొగ్గుతో రాసేది, నేను కింద రాసేదాన్ని. తప్పు రాస్తే, "మామ్మా, మళ్ళీ" అని మా మాస్టారి గొంతు పెట్టేది. ఇప్పుడు మా ఊరి ముసలమ్మల్లో చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే ఆ వారం అంత గొడవ నా మీదకి వచ్చింది.

గెడ్డ నుంచి తిరిగొచ్చి కాగితం విప్పాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా అని పైన ఉంది. నాలుగుసార్లు కూడబలుక్కున్నాను. పద్నాలుగు నిండి, పదిహేను నిండని ఆడపిల్లలకి ఒకే ఒక సూది. తల్లిదండ్రులు గానీ గార్డియన్ గానీ ఒప్పుకుంటేనే వేస్తారు.

మా కోడలు గుమ్మంలో నిలబడి నా పెదాల వైపే చూస్తోంది.

"ఏటత్తా, ఏటి రాసుంది?"

"గుంటకి సూదేత్తారట."

"ఏ జొరానికి?"

"జొరానికి కాదు. గర్భసంచికి."

కోడలి మొహం మారిపోయింది. కూతురిని దగ్గరికి లాక్కుని, "పెళ్ళికాని గుంటకి గర్భసంచి సూదేటత్తా?" అంది. నాకూ అదే అనిపించింది. పైకి అనలేదు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ముందుగా వచ్చింది ఎదురింటి మా వదిన, మా పెద్దన్న భార్య. ఆమె నోటికి భయపడి కోళ్ళు కూడా పక్కకి తప్పుకుంటాయని మా అన్న అనేవాడు. ఆమె అనుమానానికి మాత్రం కారణం ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఒకసారి కడుపునొప్పి వస్తోందంటే, జీపులో ఆడవాళ్ళని ఏదో క్యాంపుకి తీసుకెళ్తున్నారని తెలిసి ఎక్కింది. నాలుగో రోజు పొట్ట మీద కుట్లతో తిరిగొచ్చింది. ఏమి చేశారో చెప్పినవాళ్ళు లేరు. ఆ తరువాత ఒక పిల్లాడు చనిపోయాడు. మళ్ళీ కడుపు రాలేదు. ఏడాది గడిచాక మా ఊరి మంత్రసాని ఆ కుట్లు చూసి, "నీకింక పిల్లలు పుట్టరే" అని చెప్పింది. ఆ రోజు వదిన అరుగు దిగి ఎవరితోనూ మాట్లాడకుండా పోడులోకి వెళ్ళిపోవడం నాకు గుర్తుంది.

ఆమె కాగితాన్ని చేతిలోకి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, కాసేపు చూసి, "నా పొట్ట కోసినోళ్ళ కాగితం కూడా ఇంత తెల్లగానే ఉండేది" అంది.

మరునాడు పొద్దున్న నర్సమ్మ వచ్చింది. వెంట మా ఊరి ఆశ కార్యకర్త. ఆ పిల్ల మా మధ్య పుట్టి పెరిగిందే, నన్ను సిన్నమ్మ అంటుంది. చింతపండు పని కావడంతో పదిమంది ఆడవాళ్ళం మా అరుగు మీదే ఉన్నాం. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూడా ఎదురుగా కూర్చున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కొండల్లో పండే ప్రతిదానికీ ఒక కొత్త ఉంటుంది. చిక్కుడు కొత్త, కొర్ర కొత్త, మామిడి కొత్త. రోజులు చూసి చెప్పే పెద్దని మేము దిసారి అంటాం. ఆయన రోజు పెట్టాక ముందు దేవతకి పెట్టి, తరువాత ఇంటికి పెద్ద ఎవరో వాళ్ళు తిని, ఆ తరువాతే పిల్లలకి పెడతాం. కొత్త గింజలో ఏ కీడు ఉన్నా చాలా కాలం బతికినవాళ్ళకి తగలాలి గానీ పిల్లలకి తగలకూడదని మా అమ్మ చెప్పేది. అంతవరకు మామిడికాయ కాళ్ళ కింద దొర్లుతున్నా వంగి తీయం. ఆ ఏడు ఇంకా మామిడి కొత్త కాలేదు.

నర్సమ్మ మైదానం పిల్ల. కొండెక్కి వచ్చిన దాహంలో, మా పెరటి చెట్టు కింద రాలిన కాయ ఒకటి తీసి, కొంగుతో తుడిచి, కరకరా కొరికింది. మంచి రుచిగా ఉన్నట్టుంది, కళ్ళు మూసుకుంది. అరుగు మీద అందరి చేతులూ ఆగిపోయాయి. ఆశ పిల్ల ఆమె మోచెయ్యి పట్టుకుని గిల్లింది గానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఓలమ్మో!" అంది వదిన. "కొత్త పెట్టకుండా తినేసినాది."

"ఏమైంది?" అంది నర్సమ్మ, నోట్లో కాయ అలాగే ఉంచుకుని.

"ఏటీ అవలేదమ్మా. తిను, తిను. నోట్లోది ఏటి సేత్తావింక, మింగేయ్." అందరూ నవ్వారు. నర్సమ్మ కూడా ఏమీ తెలియకుండా నవ్వింది. వదిన మాత్రం మా వైపు తిరిగి, నెమ్మదిగా, "రాలిన కాయికే ఆగలేనిది, మన గుంటల సంగతి ఆలోసించి వచ్చిందంతారా?" అంది.

ఆ తరువాత నర్సమ్మ చెప్పినవన్నీ ఆ కాయ వెనకే ఉండిపోయాయి. ఆడవాళ్ళకి గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్ ఒక రకం క్రిమి వల్ల వస్తుందని, ఆ క్రిమి ఒంట్లోకి రాకముందే ఈ సూది పడితే కాపాడుతుందని చెప్పింది. పెళ్ళికి ముందే వేయించాలంది.

"పెళ్ళికి ముందే ఎందుకు?" అని మా కోడలు అడిగింది.

నర్సమ్మ మగవాళ్ళ వైపు ఒకసారి చూసి, "అదీ... అప్పుడైతే బాగా పని చేస్తుంది" అంది. ఆమె దాచిపెట్టింది ఒక్క మాటే. ఆ మాట ఉండాల్సినచోట మేము రకరకాలవి పెట్టుకున్నాం.

"మగ గుంటలకి ఎయ్యరేటి?" అంది వదిన.

"కొన్ని దేశాల్లో వేస్తారు అవ్వా. ఇక్కడ ఇప్పుడు ఆడపిల్లలకే."

"అదీ సంగతి" అంది వదిన, ఇంకేమీ అడగాల్సిన పని లేనట్టు.

మా కోడలు అసలు భయం బయటపెట్టింది. "రేపు దీనికి పిల్లలు పుట్టకపోతేనో? ఓలి సొమ్ము ఇచ్చి సేసుకున్నోళ్ళు ఊరుకుంతారా? తిప్పి పంపేత్తారు."

"పిల్లలు పుట్టడానికి, దీనికి సంబంధం లేదమ్మా. ఒట్టు."

ఒట్టు అన్నా ఎవరూ మెత్తబడలేదు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అది చాలా తెలివైనదని నేను అనుకున్నాను. లేచి, రవిక చెయ్యి పైకి తోసి, భుజం చూపించాను.

"అమ్మా, ముందు నాకెయ్యి. ఇంటికి పెద్దని నేను. నాకేటీ కాకపోతే పది రోజులాగి గుంటకి ఎయ్యి."

ఆడవాళ్ళు, "అదీ మాట" అన్నారు. వదిన కూడా తల ఊపింది.

నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "నీకు వేయకూడదు మామ్మా. ఈ వయసులో నీకు పని చేయదు. పిల్లలకి మాత్రమే."

అరుగు మీద గాలి మారిపోయినట్టయింది. పెద్దవాళ్ళు తినకూడనిది, పిల్లలకి మాత్రమే పెట్టేది ఒకటుందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. అలాంటిది ఇప్పటివరకు మా ఇళ్ళలోకి రాలేదు.

"పోనీ నువ్వేయించుకున్నావా?" అన్నాను.

"నా చిన్నప్పుడు ఇది లేదు మామ్మా."

"నీ కూతురికి?"

"దానికింకా పన్నెండే. పద్నాలుగు నిండాక వేయిస్తాను."

వదిన చింతపిక్కలున్న చేట దులుపుకుని లేచింది. "అంటే ఎవరూ తినలేదన్నమాట. మన గుంటలే ముందన్నమాట."

నర్సమ్మ మొహం ఎర్రబడింది. వెళ్ళేముందు నా చేతిలో ఇంకొక కాగితం పెట్టింది, అందులో అన్నీ రాసి ఉన్నాయని. ఆపైన మెల్లగా, "మీ మనవరాలికి రికార్డు ప్రకారం పది రోజుల్లో పదిహేను నిండిపోతుంది. ఆ తరువాత ఈ కార్యక్రమంలో వేయరు. ఆలోచించు" అంది.

మాస్టారు ఎత్తు చూసి రాసిన తేదీ, నా వేలిముద్ర పడిన తేదీ, అది ఇలా తిరిగి వస్తుందనుకోలేదు. మా లెక్కకి ఇంకా ఆరు నెలలుంది. ఆ మాట ఆమెతో అంటే, "రికార్డులో ఉన్నదే లెక్క మామ్మా" అంది. నాకు అనుమానం ఇంకా పెరిగింది. అంత తొందరేమిటి? తొందరపెట్టి చేయించుకున్నదేదీ మాకు ఇంతవరకు మంచి చేయలేదు.

వాళ్ళు వెళ్ళాక వదిన నా పక్కన కూర్చుంది. "సదువుకున్నదానివి కదే మరదలా, సదువు. ఏటి దాసినారో ఇందాం."

వేలు పెట్టి ఒక్కో మాటే చదివాను. క్రిమి గురించి చదువుతుంటే వదిన నవ్వింది. సూది వేసినచోట నొప్పి, కొంచెం జ్వరం రావచ్చన్నచోట, "ఇదిగో సూడు, వాళ్ళే ఒప్పుకున్నారు" అంది. తరువాత ఆ జబ్బు వచ్చినవాళ్ళలో కనిపించే గుర్తులు ఉన్నాయి. ముట్లు ఆగిపోయిన తరువాత కూడా రక్తం పడటం. చెడువాసనతో తెలుపు పోవడం. నడుములోనూ పొత్తికడుపులోనూ నొప్పి. మనిషి చిక్కిపోవడం.

నేను ఆగిపోయాను. వదిన చదవమనలేదు. ఆమె చేతిలోని చింతకాయ అలాగే ఉంది. మా కోడలికి ఏమీ అర్థం కాక ఒకసారి నన్ను, ఒకసారి ఆమెని చూస్తోంది.

మా అప్ప గురించి మేమిద్దరం ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకోలేదు.

మా అప్ప, అంటే మా అక్క, నాకంటే పదేళ్ళు పెద్దది. ముట్లు ఆగిపోయిన రెండేళ్ళకి మళ్ళీ మైల పడింది. మొదట మేము నవ్వాం, మళ్ళీ పడుచుదానివయ్యావని. తరువాత వాసన మొదలైంది. శ్మశానం దారిలో తొక్కకూడనిదేదో తొక్కిందని మంత్రగాళ్ళు చూసి చెప్పారు. నల్లకోడి కోశాం. తగ్గలేదు. పసుపు తోట చివర ఒక పాక వేసి ఆమెని అక్కడ ఉంచారు. రోజూ చోడి అంబలి తీసుకెళ్ళేది నేనే. పాక ముందు ఒక రాయి ఉండేది. దాని మీద గిన్నె పెట్టి, వెనక్కి వచ్చి, దూరం నుంచి పిలిచేదాన్ని. ఆమె బయటికి వచ్చి తీసుకునేది. ఒకరోజు గిన్నె తీసుకోకుండా గుమ్మంలోనే నిలబడి, "ఒలే, నా కాడ వాసన వత్తాందా?" అని అడిగింది. "లేదప్పా" అన్నాను, పదిబారల దూరంలో నిలబడి.

ఆఖరున విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని కేకలేశారు. తిరిగి తెచ్చేశాం. ఆ వానాకాలం దాటలేదు. అది ఏ జబ్బో అక్కడ చెప్పే ఉంటారు. ఆ మాట మా చెవుల్లో నిలవలేదు. ఊళ్ళో మాత్రం దయ్యం అనే నిలిచిపోయింది. వదిన, తన ఇంటి పిల్లలని కూడా ఆ తోట వైపు చాలా కాలం వెళ్ళనివ్వలేదు.

"అప్పకి ఇదేనేటే?" అంది వదిన చివరికి.

"కాగితం ఇలాగంతాది."

"ఈ కాగితం రాసింది కూడా ఆళ్ళే కదా."

అదీ నిజమే. నా మనసులో తిరుగుతున్న మాట కూడా అదే. జబ్బు గురించి చెప్పేదీ వాళ్ళే, సూది తెచ్చేదీ వాళ్ళే. ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది నిజం కావాలని ఎక్కడుంది?

మరునాడు దిసారి దగ్గరికి వెళ్ళాను. ఆయన జీలుగు చెట్టు కింద కూర్చుని ఆనపకాయ బుర్రలో కల్లు వంపుకుంటున్నాడు. మామిడి కొత్త ఎప్పుడు పెడతావని అడిగాను. ఇంకా పదిహేను రోజులకి కానీ మంచిరోజు లేదన్నాడు. అప్పటికి కాగితం తేదీ దాటిపోతుంది. సంగతి చెప్పి, "పెద్దోళ్ళు తినకుండా గుంటకి కొత్తది పెట్టొచ్చా మామా?" అని అడిగాను. వద్దంటాడని నా ఆశ. వద్దంటే నాకు ఆ బరువు ఉండదు.

ఆయన బుర్ర దించి నన్ను వింతగా చూశాడు. "సూదికి కొత్తేటే? అదేటి సెట్టుకి కాసిందా?"

"కాదు గానీ..."

"సెట్టుకి కాసినదానికీ, సేలో పండినదానికీ నన్నడుగు. సీసాలో వచ్చినదానికి నన్నడక్కు. మా ఇంట్లో మీ అత్త బీపీ మాత్తరలు మింగేటప్పుడు నన్నడిగిందేటి?"

"మరి నీ మనవరాలికి ఏయిత్తావా?"

"నానెందుకేయిత్తాను?" అన్నాడు, మళ్ళీ బుర్ర ఎత్తుతూ. "నాకేటి తెలుసని?"

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. దేవత వైపు నుంచి అడ్డం లేదు. అండా లేదు.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు వంటగదిలో ఉంది. నేను అక్షరాలు దిద్దిన గోడ మీద మా కోడలు కొత్తగా మట్టి పూసింది, కిందివైపు కొన్ని గుణింతాలు మాత్రం మిగిలాయి. పిల్ల నన్ను చూడకుండానే, "మామ్మా, పసుపు తోట కాడ ఉండే పెద్ద మామ్మకి ఏటయింది? నాన్ననడిగితే తిడతాడు" అంది. నిన్న అరుగు మీద మా మాటలు విన్నట్టుంది.

చెప్పాను. రాయి గురించి, గిన్నె గురించి, నేను దూరంగా నిలబడి లేదన్న మాట గురించి కూడా. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పిల్ల అప్పుడు నా వైపు తిరిగింది. తరువాత, "నువ్వు సంతకం పెడితే ఏయించుకుంతాను. లేకపోతే లేదు. నాకు సూదంటే బయం లేదు. నువ్వు ఏడిత్తే బయం" అంది.

కోడలు మాత్రం ఒప్పుకోలేదు. అరవలేదు కూడా. కట్టెలు పొయ్యిలోకి తోస్తూ, "నీ ఇట్టం అత్తా. నీ ఏలే కదా అక్కడున్నది. రేపు నా గుంట కడుపు పండకపోతే నలుగురిలో నీ పేరే సెప్తాను" అంది. ఆ మాట ఆమె ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

తేదీకి రెండు రోజుల ముందు, సంతకం పెట్టని కాగితం మడిచి కొంగులో కట్టుకుని, మనవరాలిని తీసుకుని హుకుంపేట జీపెక్కాను. జీపు కదిలేలోగా వదిన కూడా ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"సూడ్డానికి. నన్ను తీసుకెళ్ళినప్పుడు సూసినోళ్ళు ఎవరూ లేరు కదా."

అక్కడి ఆసుపత్రిలో ఆ నర్సమ్మే ఉంది. మమ్మల్ని చూసి సంతోషంగా కుర్చీ లాగింది. నేను కూర్చోలేదు. "పెళ్ళికి ముందే ఎందుకో ఆ రోజు సగం సెప్పి ఆపేసినావు. మిగతా సగం సెప్పు. అప్పుడు సంతకం సంగతి సూద్దాం" అన్నాను.

ఆమె నన్నూ వదిననీ లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. సిగ్గు పక్కన పెట్టి చెప్పింది. ఆ క్రిమి ఆడా మగా కలవడం వల్ల ఒకరి నుంచి ఒకరికి వస్తుందని, వచ్చినట్టు ఇద్దరికీ తెలియదని, చాలామందిలో దానంతట అదే పోతుందని, కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి పుండు చేస్తుందని చెప్పింది. అది తిరుగుబోతు జబ్బు కాదని, ఒక్క మనిషితో కాపురం చేసిన ఆడదానికీ రావచ్చని రెండుసార్లు అంది.

"ఇది ఆ రోజు అరుగు మీద ఎందుకు సెప్పలేదు?"

"మగవాళ్ళున్నారు కదా మామ్మా. నోరు రాలేదు."

"నీ సిగ్గుకి మా ఊరు ఎంత బయపడిందో తెలుసా?" అంది వదిన.

నర్సమ్మ తల దించుకుంది. అప్పుడు నాకు ఆమె మీద మొదటిసారి కొంచెం నమ్మకం కలిగింది. సూది మీద కాదు, ఆమె మీద. ఒట్టు వేసినప్పుడు కలగనిది, తల దించుకున్నప్పుడు కలిగింది.

అయినా వదల్లేదు. సీసా చూపించమన్నాను. దాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. మనవరాలు ఒక్కొక్కటీ పలికింది. ఆ నెంబరు, వాడాల్సిన గడువు నా కాగితం వెనక రాసుకున్నాను. అంకెలు వంకరగా వచ్చాయి. వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు. ఒకామె, "ముసలమ్మ పరీక్ష రాత్తందేటి?" అంది. నర్సమ్మ మాత్రం నేను రాయడం అయ్యేవరకు సీసాని వెలుతురులో పట్టుకునే ఉంది.

తరువాత సంతకం పెట్టాను. నా పేరులో ఐదు అక్షరాలు. పక్కనే ఇంకుప్యాడ్ ఉంది. అక్కడి కుర్రాడు అలవాటుగా దాన్ని నా వైపు తోశాడు. నేను దాన్ని వెనక్కి తోసేశాను.

సూది ఎడమ భుజానికి వేశారు. పిల్ల కళ్ళు మూసుకోలేదు, నా వైపే చూసింది. నేను ఏడవలేదు. అరగంట బల్ల మీద కూర్చోమన్నారు. ఆ అరగంటలో వదిన పదిసార్లు పిల్ల మొహం దగ్గరికి వంగింది.

"కళ్ళు తిరుగుతున్నాయేటే?"

"లేదు పెద్దమామ్మా."

"కడుపులో ఏటన్నా అవుతందా?"

"ఆకలేత్తంది."

"ఆకలేత్తందంత" అంది వదిన నాతో, అది కూడా ఒక గుర్తేమో అన్నట్టు.

ఆ సాయంత్రం పిల్లకి ఒళ్ళు కొంచెం వెచ్చబడింది. కాగితంలో ఉన్నదే. అయినా మా కోడలు పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి నా వైపు చూసిన చూపు చాలా రోజులు నా వెంట తిరిగింది. తెల్లారేసరికి జ్వరం పోయింది. మామిడి కొత్త రోజున ఇంటికి పెద్దగా మొదటి ముక్క నేనే తిన్నాను, రెండోది పిల్లకి ఇచ్చాను. పుల్లగా ఉందని మొహం చిట్లించింది.

మా ఊళ్ళో ఆ వయసు గుంటలు మరో నలుగురున్నారు. వాళ్ళలో ఒకరికి వేయించారు. మిగతావాళ్ళకి తేదీలు దాటిపోయాయి. నన్ను అడిగినవాళ్ళకి కాగితం చదివి వినిపించాను గానీ, వేయించండి అని ఎవరికీ చెప్పలేదు. చెప్పాలా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. వదిన పొట్ట మీది కుట్లు చూసినదాన్ని, మా అప్ప పాక ముందు రాయి చూసినదాన్ని. ఈ రెండూ నాలో ఒకదానికొకటి ఎదురుగానే కూర్చుని ఉంటాయి.

పిల్ల మళ్ళీ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ప్రతి నెలా మా కోడలు ఫోను చేసి, బాగున్నావా, అన్నం తిన్నావా అని అడిగాక, గొంతు తగ్గించి, "వచ్చిందా?" అంటుంది. వచ్చిందమ్మా అంటుంది పిల్ల. కోడలు ఫోను నాకు ఇవ్వకుండానే, "వచ్చిందంత" అని గోడతో చెబుతుంది. ఆ మాట వినేవరకు నేను కూడా పొయ్యి దగ్గర నుంచి కదలను. సీసా నెంబరు రాసుకున్న కాగితం బియ్యం డబ్బా మూత కింద ఉంది.

వదిన మనవరాలికి రికార్డు ప్రకారం వచ్చే ఏడు పద్నాలుగు నిండుతుంది. మొన్న సంత నుంచి వస్తూ దారిలో నన్ను ఆపింది.

"మీ గుంటకి ఈ నెల వచ్చిందా?"

"వచ్చింది."

"ఊఁ" అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "మా గుంటకి కాగితం వత్తే నువ్వే సదవాల. ఆ నర్సమ్మని ముందే రమ్మను. మగాళ్ళు లేనప్పుడు."

"ఏయిత్తావా మరి?"

"సదవమన్నాను" అంది వదిన. "ఏయిత్తానన్నానేటి?"